కదులు, మోయకు

శుక్రవారం అరకు సంతకి మా వీధిలోంచి నడిస్తే పది నిమిషాలు. ఆమధ్య ఒక సంతరోజున పక్కింటి కోడలు ఆటో పిలిచింది. ఐదో నెల. ఒంట్లో బాగాలేదా అని అడిగాను. బాగానే ఉందట. రక్తం పదకొండున్నర ఉందట, బీపీ సరిగ్గానే ఉందట. మరి ఆటో ఎందుకే అంటే, "కడుపుతో ఉన్నాను కదా మామ్మా" అంది.

నేను నడిచే వెళ్ళాను. సంతలో రాజ్‌మా గింజలు రాశిపోసుకుని పై గూడెం పిల్ల కూర్చుని ఉంది. నాకు తెలిసిన ఇంటిదే. వాళ్ళమ్మకి పురుడు పోసింది నేనే. ఈ పిల్లకి ఎనిమిదో నెల. ఆ మూట నెత్తిన పెట్టుకుని తెల్లారకుండా బయల్దేరి కొండ దిగిందట. పాతిక కేజీలకి తక్కువుండదు. మొహం పాలిపోయింది. దగ్గరకెళ్ళి కన్ను కింద రెప్ప లాగి చూశాను. సున్నం కొట్టినట్టుంది. మొగుడేడే అంటే బండి మీద ముందే వచ్చాడంది. మూట బండి మీద పెట్టుకోలేదా అంటే, దారి బాగాలేదు, బరువుంటే బండి జారుతుందట.

బరువుంటే బండి జారుతుంది. మనిషి జారదా?

ఒకే సంతలో, పదిగజాల ఎడంలో ఆ ఇద్దరు పిల్లల్నీ చూశాక ఆ పూట నాకు అన్నం సయించలేదు. నడవాల్సిన పిల్లని ఆటో ఎక్కిస్తున్నారు. మోయకూడని పిల్ల చేత మూట మోయిస్తున్నారు. ముసలావిడ ఎప్పుడూ ఏదో ఒకటి సణుగుతుందని మా ఇంట్లో అంటారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఏఎన్‌ఎమ్‌గా ఈ కొండలెక్కి దిగాను. సణగడానికి నాకు కారణాలున్నాయి.

నేను 1974లో ఈ లోయకి వచ్చాను. చోడవరం వైపు పిల్లని, ఇరవై ఏళ్ళు. విశాఖపట్నంలో పొద్దున్న కిరండూల్ పాసింజరెక్కితే సొరంగాలన్నీ దాటుకుంటూ బొర్రా మీదుగా శిమిలిగుడ చేరేది. ఆ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. అక్కణ్ణించి దిగితే అరకు. అరకు దాటాక ఇక బండీ లేదు, దారీ లేదు. నాకిచ్చిన గూడేలన్నిటికీ నడకే. కొండదొరల ఊరు, వాల్మీకుల ఊరు, పోర్జాల ఊరు, ఇంకా పైకి పోతే కోదుల ఇళ్ళు. ఊరికీ ఊరికీ మధ్య గెడ్డ, అంటే కొండవాగు. మొదటి నెల్లో కాళ్ళు బొబ్బలెక్కి రాత్రుళ్ళు ఏడ్చాను.

నాకు పని నేర్పింది ట్రైనింగు కన్నా ఎక్కువగా ఒక మంత్రసాని. ఆవిడ వయసు ఆవిడకే తెలీదు. ఊరంతా అవ్వ అనేవారు, నేనూ అవ్వ అనే పిలిచాను. ఆవిడకి ఆదివాసీ ఒడియా వచ్చు, తెలుగు అంతంతమాత్రం. నాకు తెలుగు తప్ప ఏదీ రాదు. చూలాలికి ఏం చెప్పాలి అని మొదటిసారి అడిగితే రెండే మాటలు చెప్పింది, పక్కనున్న కుర్రాడు తెలుగులో తిప్పాడు. కదలమను, మోయొద్దను. నేను దానికి బదులుగా ఐరన్ మాత్రల గురించీ టెటనస్ ఇంజక్షన్ గురించీ పెద్ద పాఠం చెప్పాను. అవీ కావలసినవే. కానీ ఆ రెండు మాటల్లో ఉన్న సంగతి నాకు తలకెక్కడానికి పదేళ్ళు పట్టింది.

అవ్వ చూలాలిని మంచాన కూర్చోనిచ్చేది కాదు. వాంతులు తగ్గాయంటే తిరగలి దగ్గరకి రమ్మనేది. కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు చేతులతో పిడి పట్టుకుని, నడుము దగ్గర్నుంచి ముందుకు వంగి వెనక్కి వాలుతూ చోళ్ళు, అంటే రాగులు, విసరాలి. ఎదురుగా ఇంకో ఆడమనిషి కూర్చుని అదే పిడి పట్టుకునేది. ఇద్దరు తిప్పితే రాయి తేలిక, పని సగం, మాటలు రెట్టింపు. చోడి మళ్ళల్లో కలుపు గొంతుక్కూర్చుని తీసేవారు. అలా కూర్చునే ముందుకి జరిగేవారు. ఇల్లు అలకాలంటే మోకాళ్ళ మీదా చేతుల మీదా వంగి, వీపు చదునుగా పెట్టి, గోడవార నుంచి గుమ్మం దాకా పేడనీళ్ళు రాసుకుంటూ వచ్చేవారు. బిడ్డ అడ్డం తిరిగిందనుకున్న పిల్లని అవ్వ కావాలనే ఇల్లు అలకమనేది. చైత్రంలో థింసా ఆడేటప్పుడు నాలుగైదు నెలల పిల్లలు కూడా వరసలో ఉండేవారు. వెనకనుంచి ఒకరి చేతులొకరు పట్టుకుని, అడుగు కలిపి, పాము వంపులా తిరిగే ఆట అది. కాలు తడబడినా పక్కవాళ్ళ చేతులే పట్టి ఆపుతాయి. ఆయాసం వస్తే అవ్వ వరసలోంచి లాగి కూర్చోబెట్టేది.

బిందె విషయంలో మాత్రం ఆవిడ చండశాసనురాలు. ఏడో నెల దాటితే నీళ్ళ బిందె, కట్టెల మోపు ముట్టకూడదు. ఆవిడ మాట చెల్లిన ఇళ్ళల్లో ఆడపడుచో తోడికోడలో మోసేవారు. చెల్లని ఇళ్ళూ ఉండేవి. వాటి సంగతి తరవాత చెబుతాను.

పోయిన నెల విశాఖపట్నంలో మనవరాలి దగ్గర పది రోజులున్నాను. మధురవాడలో తొమ్మిదో అంతస్తు. దానికి ఆరో నెల. పొద్దున్న తొమ్మిదింటికి కంప్యూటరు ముందు కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేస్తుంది, మళ్ళీ కూర్చుంటే రాత్రి ఎనిమిది. అత్తగారు మంచి మనిషి. ప్రేమకొద్దీ గ్లాసు కూడా తియ్యనివ్వదు. పిల్ల లేచి నాలుగడుగులు వేస్తే "వద్దమ్మా, నేను తెస్తాను" అని ఎదురొస్తుంది. కాళ్ళు వాచాయి, నడుము నొప్పి, రాత్రి నిద్ర లేదు, అన్నం అరగడం లేదు. డాక్టరమ్మ చూసి జబ్బేమీ లేదు, నడవమ్మా అని చెప్పిందట. ఆ నడవమ్మా అన్న మాట ఇంటికి చేరేసరికి జాగ్రత్తగా ఉండమంది అని మారిపోయింది.

వారానికి మూడు సాయంత్రాలు ఫోనులో గర్భిణుల యోగా క్లాసు ఉంటుంది దానికి. పక్కన కూర్చుని చూశాను. ఆ టీచరమ్మాయి కాళ్ళు చాపుకుని కూర్చోమంది. రెండు చేతులూ కలిపి ముందుకి పెట్టమంది. నడుము నుంచి వంగి గుండ్రంగా తిప్పమంది. పేరు చక్కీ చలనాసనం అని చెప్పింది. నాకు ఒళ్ళు జలదరించింది. అది అవ్వ తిరగలి. రాయి లేదు, చోళ్ళు లేవు, ఎదురుగా పిడి పట్టుకున్న మనిషి లేదు. గాలిలో చేతులు తిప్పుతోంది నా మనవరాలు. తరవాత మలాసనం అంది, గొంతుక్కూర్చోబెట్టింది. అది కలుపు తీత. తరవాత మోకాళ్ళ మీదా చేతుల మీదా ఉండి వీపు పైకీ కిందకీ ఆడించమంది. అది ఇల్లు అలకడం.

ఆ టీచరమ్మాయిని నేనేమీ అనను. ఇంట్లోంచి పోయినదాన్ని ఎవరో ఒకరు పట్టుకుని మళ్ళీ ఇంటికి తెచ్చి ఇస్తున్నారు, సంతోషమే. ఆ ముప్పావు గంట అయ్యాక మనవరాలి మొహంలో రక్తం తిరగడం నా కళ్ళతో చూశాను. నా గోలల్లా ఆ ముప్పావు గంట అవగానే మళ్ళీ కుర్చీ అని. మిగిలిన రోజంతా దాని కాళ్ళకి భూమి ఆనడం లేదు. తిరగలి పోయి మిల్లు వచ్చింది, మంచిదే, నా భుజాలకి తెలుసు ఎంత మంచిదో. ఆ పనితో పాటు పోయిన కదలికని దేనితో పూడ్చాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒక లెక్క చెప్పింది. ఇబ్బందేమీ లేని గర్భిణీ, బాలింత కూడా వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదిలే పని చెయ్యాలి. అంటే రోజుకి ఇరవై నిమిషాల పైచిలుకు. ఇదే మాటకి పెద్ద దేశాలు కూడా తిరిగి తిరిగి వచ్చాయి. అమెరికాలో ప్రసూతి, స్త్రీవ్యాధుల వైద్యుల సంఘం 1985లో గర్భిణి గుండె నిమిషానికి 140 సార్లకు మించి కొట్టుకోకూడదని గీత గీసింది, 1994లో ఆ గీత తీసేసింది. ఇప్పుడు చెప్పే కొలత అవ్వ కొలతే. మాట్లాడుకుంటూ నడవగలిగితే సరైన నడక. మాట తెగి ఆయాసం వస్తోందంటే నెమ్మదించాలి. నడిచే పిల్లకి కడుపుతో ఉండగా షుగరు వచ్చే ప్రమాదం తగ్గుతుంది, ఒళ్ళు మరీ పెరగదు, నడుము నొప్పి సర్దుకుంటుంది. ఊరికే మంచాన పడుకోబెడితే నెలలు నిండకుండా వచ్చే కాన్పు ఆగదని కూడా ఇప్పుడు తెలిసింది. పైగా కాళ్ళల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం.

అందరికీ ఒకటే మాట కాదు, ఇది గట్టిగా చెప్పాలి. మాయ కిందకి ఉన్న పిల్ల, రక్తస్రావం అవుతున్న పిల్ల, ఉమ్మనీరు కారుతున్న పిల్ల, బీపీ పెరిగి కళ్ళు బైర్లు కమ్ముతున్న పిల్ల, రక్తం ఏడుకి పడిపోయిన పిల్ల నడక గురించి ఆలోచించకూడదు, ఆసుపత్రి గురించి ఆలోచించాలి. మా కొండల్లో సికిల్‌సెల్ రక్తజబ్బు ఉన్న పిల్లలున్నారు. వాళ్ళు ఎండలో నీళ్ళు తాగకుండా ఒళ్ళు అలవగొట్టుకుంటే ఎముకల్లో నొప్పి విరుచుకుపడుతుంది. వాళ్ళకి ఎంత కదలాలో డాక్టరే చెప్పాలి. బిడ్డ కదలిక తగ్గిందనిపిస్తే ఎవరైనా సరే ఆ రోజే వెళ్ళాలి.

ఇక్కడ నేను చేసిన తప్పొకటి చెప్పుకోవాలి. అవ్వ దూలానికి తాడు కట్టేది. నొప్పులొచ్చిన పిల్ల ఇల్లంతా తిరిగేది, నొప్పి ఎక్కువైనప్పుడు తాడు పట్టుకుని వేలాడేది, చివర్లో గొంతుక్కూర్చునేది. నాకు నేర్పిన చదువులో బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి కాన్పు చెయ్యాలి. తాడు పట్టుకున్న పిల్లల్ని నేను చెయ్యి పట్టి లాక్కొచ్చి పడుకోబెట్టాను, ఒకరిద్దరిని కాదు. అవ్వ ఏమీ అనేది కాదు, బయటికెళ్ళి అరుగు మీద కూర్చునేది. వెల్లకిలా పడుకుంటే బిడ్డ బరువు పెద్ద రక్తనాళం మీద పడుతుందనీ, తల్లికీ బిడ్డకీ ఇబ్బందనీ నాకు తరవాత తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో నొప్పుల వేళ తల్లిని తిరగనివ్వండి, నిటారుగా ఉండనివ్వండి అని రాసింది. తెలంగాణలో 2017లో కరీంనగర్ ఆసుపత్రిలో నర్సులకి మంత్రసాని చదువు కొత్తగా నేర్పడం మొదలుపెట్టారు. అందులో ఇవన్నీ ఉన్నాయని విని, అవ్వ ఉండుంటే ఆ పిల్లల ముందు కూర్చోబెట్టేదాన్ని కదా అనిపించింది.

2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు కోతలే. తెలంగాణలో 60 దాటాయి. దేశం మొత్తం మీద 21. ఈ కోతలన్నీ కూర్చోవడం వల్లే అని నేను అనను, దానికి ఇంకా చాలా కారణాలున్నాయి. ప్రాణం నిలబెట్టిన కోతలూ నాకు తెలుసు. కానీ తొమ్మిది నెలలూ గ్లాసు ఎత్తనివ్వని పిల్లని ఒక్క రోజున బిడ్డని తోసెయ్యమంటే ఆ బలం ఎక్కణ్ణించి తెస్తుంది?

సరే, తరవాత చెబుతానన్న ఇళ్ళ సంగతికి వస్తాను. నా వయసు మగవాళ్ళు టీకొట్టు దగ్గర చేరి ఒక మాట అంటారు. మా రోజుల్లో ఆడవాళ్ళు పొలంలోనే నీళ్ళాడి, బిడ్డని బుట్టలో పెట్టుకుని సాయంత్రానికి ఇంటికొచ్చి గంజి కాచేవారు అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు 1975 వానాకాలం గుర్తొస్తుంది.

ఆవిడకి నాలుగో కాన్పు. తొమ్మిది నెలలూ పోడు మీదే ఉంది. పొద్దున్న ఊట దగ్గర్నుంచి రెండు బిందెలు, పగలంతా వాలు మీద కొమ్మలు లాగడం, సాయంత్రం కట్టెల మోపు. తిండి చోడి అంబలి, అదీ ఇంట్లో అందరూ తాగాక అడుగున మిగిలింది. అవ్వ ఆ ఇంటికి వెళ్ళి మొగుడితో పోట్లాడింది. ఆడదాని పని మేమెలా చేస్తాం అన్నాడు. కాన్పు అరగంటలో అయిపోయింది. కదిలిన ఒళ్ళు కదా, సుళువైపోయింది. మాయ మాత్రం పడలేదు. రక్తం ఆగలేదు. ఆ ఒంట్లో పోగొట్టుకోవడానికి అసలు రక్తం లేదు. నా సంచిలో ఉన్న మందు చాలలేదు. వెదురు గెడకి దుప్పటి కట్టి నలుగురు మోశారు. గెడ్డ పొంగి ఉంది. ఆ ఒడ్డునే, అవతలికి దాటించే లోపలే ఆవిడ పోయింది. బిడ్డని నేను తూచాను, కిలో ఎనిమిది వందలు.

పొలంలో కని ఇంటికొచ్చినవాళ్ళ కథే ఊళ్ళో నిలుస్తుంది. రానివాళ్ళ కథ ఎవరు చెబుతారు? నేను చెబుతున్నాను.

ఎంతోకాలానికి పుణె దగ్గర ఆరు పల్లెల్లో చేసిన ఒక పరిశోధన గురించి చదివాను. గర్భిణులు బావి నుంచి నీళ్ళు ఎంత తెస్తున్నారు, పొలం పని ఎంత చేస్తున్నారు, బట్టలు ఎన్ని ఉతుకుతున్నారు అని ఇంటింటికీ తిరిగి లెక్కగట్టారు. తిండి తక్కువున్న తల్లులు ఆ పనులు ఎక్కువ చేస్తే బిడ్డలు సన్నగా పుడుతున్నారని 2003లో రాశారు. ఆ కిలో ఎనిమిది వందల బిడ్డకి నాకు కారణం దొరికింది. హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కడుపుతో ఉన్నప్పుడు రోజుకి 350 క్యాలరీలు అదనంగా తినాలి, పాలిచ్చే మొదటి ఆరు నెలలు 600. ఇది మామూలుగా తిరిగే మనిషికి. పాతిక కేజీల మూటతో కొండ దిగిన పిల్లకి ఎంత కావాలి? ఆ పిల్ల పొద్దున్న ఏం తిన్నావంటే టీ తాగానంది.

అందుకే కదలికకీ కష్టానికీ తేడా తెలియనివాళ్ళంటే నాకు కోపం. పట్నంలో అత్తగారు కష్టం పేరుతో కదలికని కూడా మానిపిస్తుంది. కొండ మీద మొగుడు కదలిక మంచిదన్న పేరుతో కష్టాన్ని నెత్తినెడతాడు. అలసినప్పుడు ఆగే వీలుందా, ఆకలేస్తే తినే వీలుందా, తోడుగా మనిషి ఉందా అని చూడాలి. ఈ మూడూ ఉంటే అది కదలిక. లేకపోతే అది మోత, దానికి పేరు మార్చి పొగడకూడదు. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో, నవంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా, చూలాళ్ళు కూడా బుట్ట నడుముకి కట్టుకుని వాలు మీద నిలబడతారు. కోసిన కేజీలకి డబ్బు. ఆగితే కూలి పోతుంది. ఉపాధి హామీ నిబంధనల్లో గర్భిణులకీ బాలింతలకీ ఇంటికి దగ్గరలో తేలిక పని ఇవ్వాలని రాశారు. ఆ మాట రాసినవాళ్ళకి దణ్ణం పెడతాను. కాఫీ తోటలో అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. ఉద్యోగం చేసే నా మనవరాలికి 2017 నుంచి చట్టం 26 వారాల సెలవిచ్చింది. గూడెం పిల్లకి అదే ఏడాది మొదలైన కేంద్ర పథకంలో మొదటి కాన్పుకి 5,000 రూపాయలు. సెలవుతో పోలిస్తే అదెంత?

మా రోజుల కన్నా ఇప్పుడు బాగుపడింది చాలా ఉంది, అదీ ఒప్పుకోవాలి. 2005లో 108 అంబులెన్సు వచ్చింది. కాన్పుకి ఆసుపత్రికొస్తే డబ్బిచ్చే పథకం వచ్చింది, ఆశా కార్యకర్తలొచ్చారు. 2018లో సాలూరు కొండల మీద డోలీలో మోస్తున్న గర్భిణికి దారిలోనే కాన్పయింది. ఆ దృశ్యాన్ని దేశమంతా ఫోన్లలో చూసింది. నాకు మాత్రం 1975 గెడ్డ ఒడ్డే కనిపించింది. ఆ దృశ్యం బయటికొచ్చిన రోజుల్లోనే సాలూరులో కొండ ఊళ్ళ గర్భిణుల కోసం వసతిగృహం తెరిచారు, తరవాత మరికొన్ని చోట్ల కూడా. రోడ్డు పక్కన ఆసుపత్రికి దగ్గరలో నెల ముందే వచ్చి ఉండొచ్చు. మొన్న 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో అడవితల్లి బాట అంటూ గూడేలకి రోడ్లు వేసే పని మొదలుపెట్టారు. ఆ రోడ్లు పూర్తి కావాలని నేను రోజూ కోరుకుంటాను. నొప్పులొచ్చిన రోజున ఏ తల్లీ ఆసుపత్రికి కొండ దిగి నడవకూడదు, ఎవరి భుజాల మీదా ఊగకూడదు.

కానీ ఒక వసతిగృహంలో నేను చూసింది చెప్పాలి. పదిమంది పిల్లలు మంచాల మీద కూర్చుని టీవీ చూస్తున్నారు. భోజనం బాగుంది, దుప్పట్లు శుభ్రం. పొద్దున్న నుంచి రాత్రి దాకా వాళ్ళకి పనేమీ లేదు, గేటు దాటనివ్వరు. పుట్టినప్పట్నుంచీ కొండ మీద తిరిగిన ఒళ్ళు. ఒక పిల్ల నాతో కాళ్ళు చచ్చుబడిపోతున్నాయి అమ్మా అంది. నాలుగో రోజున చెప్పకుండా కొండెక్కి వెళ్ళిపోయింది. ఇంటి దగ్గర మేకలున్నాయి, పెద్దపిల్ల ఉంది, అది ఒక కారణం. కూర్చోలేకపోవడం ఇంకో కారణం. వాళ్ళకి పొద్దున్నా సాయంత్రం కలిసి నడిచే వేళ ఉండాలి. నాలుగు మళ్ళు ఆకుకూరలు పెంచుకోనివ్వాలి. తోడుగా వాళ్ళ ఊరి ముసలమ్మ ఒకావిడని ఉండనివ్వాలి. పెద్ద ఖర్చేమీ కాదు ఇది.

బాలింతల విషయంలో మా చోడవరం వైపు పద్ధతినీ నేను వెనకేసుకురాను. నా మొదటి కాన్పు 1976లో పుట్టింట్లో. చీకటి గదిలో చెవుల్లో దూది, నెత్తికి గుడ్డ, కాయం ముద్ద, కారప్పొడి అన్నం. దాహమేస్తే రెండు గుక్కల వేడినీళ్ళు, అంతకన్నా ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందనేవారు. ఇరవై ఒక్క రోజులు గడప దాటలేదు. పాలు సరిగ్గా పడలేదు. ఊరికే ఏడుపొచ్చేది. ఎందుకేడుస్తున్నావు, మహాలక్ష్మి పుట్టింది కదా అనేవారు. ఆ ఏడుపుకి ఒక పేరుందని, అది చాలామంది బాలింతలకి వస్తుందని నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు.

రెండోసారి 1979లో ఇక్కడే, అరకులో. మా అమ్మ రాలేకపోయింది. అవ్వ వచ్చి ఒళ్ళంతా నూనె రాసి వేడినీళ్ళు పోసింది, పొట్టకి చీర ముక్క కట్టింది. మూడో రోజున గుమ్మం దాకా నడిపించింది. ఏడో రోజున పెరట్లోకి. పదో రోజున బిడ్డని తన వీపున గుడ్డతో కట్టుకుని, నన్ను చెయ్యి పట్టుకుని గెడ్డ దాకా తీసుకెళ్ళింది. బిడ్డని నా వీపుకి కట్టనివ్వలేదు, నలభై రోజులు కావాలంది. గెడ్డ దగ్గర ఆడవాళ్ళు నాకు చోటిచ్చి కూర్చోబెట్టారు. నేను బట్టలు ఉతుకుతానంటే నా చేతిలోంచి లాక్కున్నారు. ఊరికే కూర్చుని మాట్లాడు అన్నారు. నాకు వాళ్ళ భాష సగమే తెలుసు. ఆసారి నాకు ఏడుపు రాలేదు.

అవ్వ నలభై రోజుల లెక్కలో చాలా తెలివుంది. కాన్పయ్యాక నెమ్మదిగా నడక మొదలుపెట్టొచ్చు, ఎంత త్వరగా లేస్తే అంత మంచిది. కోత అయినా ఒకటి రెండు రోజుల్లో లేపి నడిపిస్తారు. బరువు మాత్రం ఎత్తకూడదు. గర్భసంచిని పట్టి ఉంచే కండరాలు అప్పటికి సాగి ఉంటాయి. అవి బిగుసుకోకముందే బిందెలెత్తిన ఎంతమందికి నలభై దాటకుండా సంచి జారిందో నాకు తెలుసు. సిగ్గుతో చెప్పేవారు కాదు, గుడ్డ కట్టుకుని తిరిగేవారు. ఆ కండరాలని బిగించి వదిలే చిన్న అలవాటు ఉంది. కూర్చున్నచోటే, పాలిస్తూ కూడా చెయ్యొచ్చు. ఆ సంగతి నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి బాలింతకీ చెవిలో చెప్పాను. ఒంటికి కాస్త పని చెబితే పాలు తగ్గుతాయన్న భయం కూడా వద్దు. నీళ్ళూ తిండీ సరిగ్గా ఉంటే తగ్గవు.

నా మనవరాలికి పురుడయ్యాక గెడ్డ ఎక్కడుంది? తొమ్మిదో అంతస్తు నుంచి లిఫ్టులో దిగితే కార్లు నిలబెట్టే చోటు. నలుగురు ఆడవాళ్ళు చేరే చోటే లేదు ఆ మేడలో. అందుకే ఏడో నెలలో ఇక్కడికి తీసుకురమ్మని పట్టుబట్టాను. వచ్చి పన్నెండు రోజులైంది. కంప్యూటరు కూడా తెచ్చుకుంది, సరే. పొద్దున్న ఆరింటికి మంచు కాస్త విడగానే పద్మాపురం తోటల వైపు నడుస్తాం, నేనూ అదీ. పక్కింటి కోడలు కూడా మూడో రోజు నుంచి వస్తోంది. అరగంట. మాట తెగకుండా నడవాలి. అందుకని వాళ్ళిద్దరూ ఆపకుండా కబుర్లు చెప్పుకుంటారు.

పై గూడెం కూడా వెళ్ళొచ్చాను. నా మోకాళ్ళకి మూడు గంటలు పట్టింది. ఆశా అమ్మాయిని వెంటబెట్టుకెళ్ళి సంతలో చూసిన ఆ పిల్లకి రక్తం చూపించాను. ఎనిమిది ఉంది. ఆసుపత్రికి దింపి రక్తం పెరిగే ఇంజక్షన్లు పెట్టించాం. తరవాత దాని మొగుణ్ణి కూర్చోబెట్టాను. వీడి నాయనమ్మ కథ వీడికి తెలీదు. 1975లో గెడ్డ ఒడ్డున పోయినావిడ వీడి నాయనమ్మే, ఆ కిలో ఎనిమిది వందల బిడ్డ వీడి తండ్రే. మొత్తం చెప్పాను. వాడు చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నాడు. ఊట దగ్గర ఆడవాళ్ళుంటారమ్మా, నవ్వుతారు అన్నాడు చివరికి.

ఇప్పుడు వాడు కోడి కూయకముందే చీకట్లో కావిడి వేసుకుని నీళ్ళు తెస్తున్నాడట. ఎవరూ చూడకుండా. చీకట్లో అయినా సరే తేనీ. బిడ్డ పుట్టాక నలభై రోజుల దాకా తేవాలని లెక్క కూడా చెప్పి వచ్చాను. పోయిన శుక్రవారం సంతలో రాజ్‌మా మూట వాడి భుజం మీద ఉంది. ఆ పిల్ల వెనకాల ఖాళీ చేతులు ఊపుకుంటూ కొండ దిగి వస్తోంది.